జ్వరం వచ్చిన మొదటి మూడు రోజులు

జ్వరంతో నిద్రలేచిన మనిషి ఆ రోజు పనికి వెళ్లాలా, ఇంట్లో పడుకోవాలా అన్నది ఒంట్లోని ఓపికను బట్టి తేలే విషయమని అనుకుంటాం. కానీ జీతం మీదే ఇల్లు నడిచే వారి విషయంలో దాన్ని తేల్చేది చాలాసార్లు చట్టంలోని ఒక చిన్న నిబంధన: జబ్బుపడిన ఎన్నో రోజు నుంచి భత్యం చేతికి వస్తుంది?

1883లో జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం కార్మికులకు తప్పనిసరి ఆరోగ్య బీమాను తెచ్చి, పనిచేయలేని కాలానికి 13 వారాల వరకు సగం వేతనం అందే ఏర్పాటు చేసింది. మంచాన పడితే అప్పో, పస్తో అన్న స్థితిలో ఉన్న కుటుంబాలకు అది నిజంగా పెద్ద అండ. అయితే మొదటి మూడు రోజులకు అందులో ఏమీ లేదు. బ్రిటన్ 1911లో చేసిన చట్టమూ నాలుగో రోజు నుంచే భత్యం ఇచ్చింది. 1952 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 102వ ఒప్పందం కూడా ఈ మూడు రోజుల మినహాయింపును అనుమతించింది. దొంగ సెలవులను అరికట్టడం, ఖర్చు తగ్గించడం దీని వెనుక ఉన్న ఆలోచన.

ఇక్కడే నాకు బాధ కలుగుతుంది. ఫ్లూ సోకినవారి నుంచి అది ఇతరులకు ఎక్కువగా వ్యాపించేది లక్షణాలు కనిపించిన మొదటి మూడు, నాలుగు రోజుల్లోనే. అంటే మనిషి ఇంటిపట్టున ఉండటం అందరికీ అత్యవసరమైన రోజులకే డబ్బు లేకుండా చేశారన్నమాట. వంట చేసేవారు, శుభ్రం చేసేవారు, వృద్ధులకు సేవచేసేవారు ఇంటి నుంచి పనిచేయలేరు. మాత్ర వేసుకుని వెళ్తారు, వారిని తప్పుపట్టలేం.

2020 మార్చిలో కోవిడ్ వ్యాపించగానే, కోవిడ్ కారణంగా పనికి రాలేనివారికి మొదటి రోజు నుంచే భత్యం ఇవ్వాలని బ్రిటన్ నిర్ణయించింది. 2022లో ఆ సడలింపును తీసేసింది. అంటువ్యాధి తర్కం కోవిడ్‌కు వర్తిస్తే ఫ్లూకు ఎందుకు వర్తించదో నాకు అర్థం కాదు. నేటి జర్మనీలో నాలుగు వారాల సర్వీసు నిండిన ఉద్యోగికి యజమానే మొదటి రోజు నుంచి ఆరు వారాల వరకు పూర్తి జీతం చెల్లించాలి. దుర్వినియోగం ఉండదని నేను అనను, దానికి వైద్యుని ధ్రువపత్రం అడగవచ్చు.

ఇక రోజుకూలీలకు, యాప్‌ల ద్వారా సరుకులు చేరవేసేవారికి చాలా చోట్ల నాలుగో రోజున కూడా ఏమీ రాదు. చట్టాన్ని సవరించేటప్పుడు ముందుగా లెక్కలోకి తీసుకోవలసింది వీరినే.