మామ్మ జోలపాటని మ్యూజిక్ బాక్స్‌లోకి ఎక్కించిన నా అనుభవం

చెల్లి కూతురి మొదటి పుట్టినరోజుకి ఏం ఇవ్వాలా అని ఆలోచిస్తున్న రోజుల్లోనే, పర్లాకిమిడిలో మా ఇంటి అటక దులుపుతుంటే నా చిన్నప్పటి మ్యూజిక్ బాక్స్ బయటపడింది. మూత తీస్తే అద్దం ముందు తెల్లగౌను బొమ్మ గిరగిరా తిరిగే రకం. నాన్న బరంపురం వెళ్లినప్పుడు తెచ్చారు. అందులో వచ్చేది ఏదో విదేశీ పాట. నేను కీ ఇచ్చినప్పుడల్లా మామ్మ పక్కన కూర్చుని పూర్తిగా వినేది. విన్నాక ప్రతిసారీ ఒకే మాట: "బాగానే ఉందే అమ్మీ, మన పాటలేవీ ఇందులో రావేటి?"

మామ్మకి ఇప్పుడు ఎనభై ఆరు. మా నాన్నకి, నాకు, చెల్లికి ఆవిడ పాడిన జోలపాట ఒకటుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు. మధ్యమధ్యలో ఒడియా మాటలు కూడా దొర్లుతాయి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అందులోకి వెళ్లింది. ఇళ్లల్లో తెలుగు అలాగే ఉంది, పక్కింటి మాటలూ వచ్చి చేరాయి. ఈ పాట మామ్మ గొంతులో తప్ప ఇంకెక్కడా లేదన్న సంగతి అటక మీద ఆ పెట్టె చేతిలో పట్టుకున్నప్పుడు గట్టిగా తగిలింది. బజార్లో దొరికే మ్యూజిక్ బాక్స్‌లలో పుట్టినరోజు పాట ఉంటుంది, సినిమా పాటలు ఉంటాయి. మామ్మ పాట కావాలంటే మనమే ఎక్కించుకోవాలి.

పాత పెట్టె ఇక పలకదు. ఏడో తరగతిలో ఉండగా లోపల ఏముందో చూద్దామని, కీ నిండా ఇచ్చి ఉన్నప్పుడే ఒక చిన్న స్క్రూ విప్పాను. వేగాన్ని అదుపులో ఉంచే చిన్న రెక్క ఊడిపోయింది. స్ప్రింగ్‌లో ఉన్న బిగువంతా ఒక్కసారిగా వదిలింది. సిలిండర్ బుర్రుమని తిరిగి, దాని మీది సన్నటి ముళ్లు పాట పలికే ఉక్కు దువ్వెన పళ్లని విరిచేశాయి. పద్దెనిమిదిలో అయిదు పోయాయి. మీ ఇంట్లో అలాంటి పాత పెట్టె ఉంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి. స్ప్రింగ్ పూర్తిగా వదులయ్యేదాకా పాడనిచ్చి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

ఆ దువ్వెనే దీని ప్రాణం. 1796లో జెనీవాలో ఆంత్వాన్ ఫావ్ర్ అనే గడియారాల పనివాడు, చిన్నచిన్న గంటల బదులు శ్రుతి చేసిన ఉక్కు పళ్లు పెట్టి వాయించవచ్చని చూపించాడు. గంటలకి కావలసినంత చోటు అక్కర్లేదు కాబట్టి సంగీతం జేబు గడియారంలోకి కూడా దూరింది. తర్వాత స్విట్జర్లాండ్ కొండల్లోని సాంత్ క్రువా ఈ పనికి పేరుపొందిన ఊరైంది. 1880ల్లో జర్మనీలో లైప్‌జిగ్ వాళ్లు సిలిండర్ బదులు చిల్లుల రేకు పళ్లేలు పెట్టారు. పళ్లెం మారిస్తే పాట మారుతుంది. గ్రామఫోన్ వచ్చి ఆ వ్యాపారాన్ని దెబ్బతీసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో నగానో ప్రాంతపు శాంక్యో కంపెనీ చవకగా, లెక్కలేనన్ని చేసి మళ్లీ ఇంటింటికీ చేర్చింది. నగల పెట్టెలు, మంచు రాలే గాజు బంతులు, రెక్కలాడిస్తూ కూసే పిట్టల పెట్టెలు, ఇలా ఎన్ని రకాలో. ఫోటోలు చూస్తూ కూర్చుంటే రెండు రాత్రులు ఇట్టే గడిచిపోయాయి.

నాకు పనికొచ్చింది మాత్రం వీటన్నిటికంటే సాదాసీదా రకం. చేత్తో తిప్పే పిడి, పదిహేను పళ్ల దువ్వెన, పాట రాసుకోవడానికి కాగితపు పట్టీలు, చిల్లులు కొట్టే చిన్న పంచ్. పట్టీ మీద మనం చిల్లు కొట్టిన చోట లోపలి నక్షత్రంలాంటి చక్రం ముల్లు దిగుతుంది. కాగితం కదులుతూ ఆ చక్రాన్ని తిప్పుతుంది, చక్రం పంటిని మీటి వదులుతుంది. అంతే. కాగితం ఎంతసేపు ఉంటే పాట అంతసేపు.

ఆన్‌లైన్‌లో తెప్పించాను. మొదటిది వచ్చిన రోజే టెన్షన్ పెట్టింది. ముందుగా ఒక పట్టీ మీద కింది నుంచి పై దాకా పదిహేను స్వరాలూ వరసగా కొట్టి తిప్పి చూశాను. ఏడో పన్ను కందిరీగలా జుయ్యిమంది. వంగి ఉంది. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకుని ఇంకోటి పంపేసరికి పంతొమ్మిది రోజులైంది. మీరు కొంటే ముందు ఈ పరీక్ష చేసుకోండి. పాటంతా కొట్టాక చెడ్డ పన్ను బయటపడితే ఏడుపొస్తుంది.

ఇక అసలు కష్టం. మామ్మ పాడింది ఫోన్‌లో రికార్డు చేశాను. భజనల్లో హార్మోనియం వాయించే మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రెండుసార్లు విని, "ఇది దాదాపు మోహన రాగమేనమ్మా, అయిదు స్వరాలే" అన్నారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఎందుకంటే నా పెట్టెలో ఉన్నవి హార్మోనియం తెల్ల మెట్లు మాత్రమే, రెండు స్థాయిలు. నల్ల మెట్టు ఒక్కటీ లేదు. మాయామాళవగౌళ లాంటి రాగమైతే మొదటి మెట్టు షడ్జం (స) చేసుకుంటే అసలు కుదరదు. మోహనం హాయిగా కుదురుతుంది.

ఇంటికొచ్చి కింది మొదటి పన్ను షడ్జం అనుకుని రాయడం మొదలుపెట్టాను. రెండో పాదంలోనే ఆగిపోయింది. మామ్మ "జో" అని దీర్ఘం తీస్తూ షడ్జం కిందికి, మంద్ర పంచమం (కింది స్థాయి ప) దాకా దిగుతుంది. నా పెట్టెకి అంత కింద పన్నే లేదు. మళ్లీ మాస్టారి దగ్గరికే పరిగెత్తాను. ఆయన పట్టీ చూసి నవ్వి, "మధ్యమ శ్రుతిలో పెట్టు. జోలలూ, జానపదాలూ అలాగే కదా పాడతాం" అన్నారు. అంటే నాలుగో పన్నుని షడ్జం చేసుకోవడం. అప్పుడు మొదటి పన్నే మంద్ర పంచమం, రెండోది మంద్ర ధైవతం అవుతాయి. మోహనానికి కావలసిన మిగతా స్వరాలన్నీ తెల్ల మెట్ల మీదే వస్తాయి. పదిహేను రోజులుగా నేను పడుతున్న అవస్థ ఆ ఒక్క మాటతో తీరింది.

ఇంకో సంగతి, ఈ పెట్టెకి గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, రాదు. పన్ను మీటితే ఒకే స్వరం, ఖణేల్‌మని మొదలై కరిగిపోతుంది. మామ్మ గాంధారం నుంచి షడ్జానికి జారే తీరు కాగితం మీద రాయలేం. మధ్యలో రిషభానికి ఒక చిల్లు దగ్గరగా పెట్టి ఆ జారుడు ఉన్నట్టు అనిపించేలా చేశాను. దీర్ఘం తీసిన చోట అదే స్వరాన్ని మళ్లీ మళ్లీ మీటిద్దామంటే, చిల్లులు మరీ దగ్గరైతే రెండోది పలకదు. చక్రం ముల్లు మళ్లీ తిరిగి రావడానికి చోటు కావాలి. నా పెట్టెలో ఏడెనిమిది మిల్లీమీటర్ల ఎడం ఉంటే గానీ పలకలేదు.

మామ్మకి వినిపించాను. కళ్లు మూసుకుని విని, "పాట సరిగ్గానే ఉందే. కానీ ఊగట్లేదు" అంది.

ఏం ఊగట్లేదో నాకు అర్థం కాలేదు. ఆవిడ మంచం పట్టె మీద అరచెయ్యి పెట్టి, ముందుకీ వెనక్కీ కదుపుతూ పాడి చూపించింది. పాటలో ప్రతి పాదం చివర ఉయ్యాల వెనక్కి వచ్చేంత ఖాళీ ఉంది. పాడినప్పుడు అక్కడ ఊపిరి తీసుకుంటుంది. నేను ఆ ఖాళీలన్నీ వృథా అనుకుని కుదించేశాను. "తాడు కిర్రుమనే చోట నువ్వు పాడకూడదు" అంది. పట్టీ మొత్తం మళ్లీ కొట్టాను. ప్రతి ఖాళీకి ముందు మంద్ర పంచమం ఒక్క చిల్లు, ఉయ్యాల వెనక్కి తగ్గే బరువులా. ఈసారి ఆవిడ ఏమీ అనలేదు. పెట్టె పాడుతుంటే నెమ్మదిగా తనూ కలిసి పాడింది.

చివరి పట్టీకి వాళ్లు ఇచ్చిన కాగితం వాడబుద్ధి కాలేదు. చెల్లి పెళ్లి శుభలేఖలు ఇంట్లో ఇంకా పది దాకా ఉన్నాయి. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా అచ్చు. పై అట్ట మందం ఎక్కువై మిషన్‌లో ఇరుక్కుంది. లోపలి కాగితం సరిపోయింది. కొలిచి కోసి, మూడు ముక్కలు అతికించాను. టేపు ఒకదాని మీద ఒకటి పడితే అక్కడ పట్టీ జారి తాళం తప్పుతుంది కాబట్టి అంచులు ఆనించి ఒక పొర టేపే వేయాలి. మూలల్లో పసుపు అద్దిన చోట ఒక చిల్లు సరిగ్గా పడింది. ముహూర్తం గడియల అంకెల మధ్య రెండు స్వరాలున్నాయి. పట్టీ మొదట్లో బాణం గుర్తు వేయడం మరిచిపోకండి. ఒకసారి తిరగేసి పెట్టాను. కింది స్వరాలు పైకీ, పైవి కిందికీ వెళ్లి మామ్మ పాట గుర్తుపట్టలేనంతగా మారిపోయింది.

పెట్టె సంగతి. ఆ యంత్రాన్ని అరచేతిలో పెట్టి తిప్పితే దోమ పాడినట్టుంటుంది. చెక్క బల్ల మీద ఆనిస్తే గది నిండుతుంది. మా వీధి వడ్రంగి మావయ్యకి ఇది చూపించగానే, "వీణకి పనస కర్ర వాడతారు కదమ్మా, దీనికీ అదే చూద్దాం" అన్నాడు. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో వీణలు చేస్తారు. పిన్నివాళ్ల అల్లుడిది బొబ్బిలే. అతను వీణ పనిలో మిగిలిన పనస ముక్కలు రెండు సంచిలో వేసుకొచ్చాడు. పసుపు పచ్చటి కర్ర, నూనె రాస్తే తేనె రంగుకి తిరిగింది. మావయ్య అడుగు పలకని పలచగా చిత్రిక పట్టాడు. యంత్రాన్ని దానికే నేరుగా స్క్రూలతో బిగించి, కింద నాలుగు చిన్న కాళ్లు పెట్టాడు. స్క్రూ ఒక్క చుట్టు వదులైనా పాటలో సగం పోతుంది. ఇది చెవితో తెలుసుకున్నదే.

తిప్పే పిడికి ఉన్న ప్లాస్టిక్ గుండీ ఒక్కటే కంటికి నచ్చలేదు. మా పర్లాకిమిడి కొమ్ము పనికి పేరు. కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన గేదె కొమ్ము ముక్కని మంట మీద కాచాడు. వెంట్రుకలు కాలిన వాసన గది నిండింది. మెత్తబడ్డాక ఆకు రాయితో అరగదీసి, గుడ్డతో రుద్ది, రుద్ది, చింతగింజంత గుండీ చేశాడు. నల్లగా, ఒక పక్కన మాత్రం సన్నటి తెల్ల చార. డబ్బులు తీసుకోనన్నాడు. బతిమాలి ఇచ్చాను.

పుట్టినరోజు బరంపురంలో. మామ్మని కారులో నెమ్మదిగా తీసుకెళ్లాం. కేకు, ఫోటోలు, భోజనాలు అయ్యాక, పాప నిద్రకి ఏడుస్తున్నప్పుడు పెట్టె బయటికి తీశాను. మామ్మే తిప్పింది. వేళ్లు వణుకుతున్నా వేగం మాత్రం తప్పలేదు. మొదటి పాదానికి చెల్లి ఏదో మాట్లాడుతూనే ఉంది. రెండో పాదంలో పాట కిందికి దిగిన చోట మాట ఆపేసి నా వైపు చూసింది. పట్టీ రెండో చివర నుంచి బయటికి వస్తుంటే తన పేరు, బావగారి పేరు కనిపించాయి. పాప ఏడుపు మానలేదు గానీ, మామ్మ మూడోసారి తిప్పేసరికి చెల్లి భుజం మీద నిద్రపోయింది.

చెల్లి అత్తగారు అంతా చూసి, పెట్టెని చేతిలోకి తీసుకుని కొమ్ము గుండీని వేలితో తడిమారు. చాలాసేపటికి, "మా అమ్మ పాడిన ఒడియా జోల ఒకటుంది, అదీ వస్తుందా ఇందులో?" అని అడిగారు. అక్కడే పాడించి రికార్డు చేసుకున్నాను. ఊరికి రాగానే మాస్టారికి వినిపించాను. ఆ పాటలో రెండు చోట్ల నల్ల మెట్టు తగులుతోంది, ఏ శ్రుతిలో పెట్టినా నా పదిహేను పళ్లలో ఇమడదు. నల్ల మెట్లు కూడా ఉన్న ముప్పై పళ్ల యంత్రం తెప్పిస్తున్నాను. వడ్రంగి మావయ్య దగ్గర పనస ముక్క ఇంకొకటి మిగిలే ఉంది.