ముంగిలి పోయి వాకిలి వచ్చిన పాట

తిరుపతి వెళ్ళొచ్చానంటే అందరూ దర్శనం ఎలా అయిందనే అడుగుతున్నారు. మూడు వందల టికెట్టు మీద నాలుగు గంటల్లో బాగానే అయింది. కానీ నేను తెనాలిలో నారాయణాద్రి ఎక్కింది దర్శనం కోసం కాదు, ఒక్క మాట కోసం. ఆ మాట 'ముంగిలి', అంటే ఇంటి ముందు వాకిలి.

మా అన్న కొడుకు తిరుపతిలో ఉంటాడు. పగలు ఉద్యోగం, రాత్రి పాటలు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు "అత్తా, ఒక ప్రేమపాట రాసివ్వు. అబ్బాయి, అమ్మాయి కలిసి పాడేది. నెమ్మదిగా సాగాలి" అన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా కాలేజీ పిల్లలకి తెలుగు చెబుతున్నాను, ఛందస్సు చెబుతున్నాను. నన్ను పాట అడిగిన మొదటి మనిషి వాడే. పదిహేను రోజులు కూర్చుని రాశాను. పల్లవి ఇది:

ముంగిట్లో నీ అడుగుల సవ్వడి
ముందే తెలిసెను నాకు

వాట్సాప్‌లో పంపాను. ఏప్రిల్ చివర్లో ట్రాక్ వచ్చింది. వింటే 'వాకిట్లో నీ అడుగుల సవ్వడి' అని ఉంది. అడగలేదు, చెప్పలేదు, మార్చేశారు. ముంగిలి మా అమ్మ మాట. తెల్లవారుజామున "ముంగిట్లో నీళ్ళు చల్లావా?" అన్న కేకతోనే మాకు మెలకువ వచ్చేది. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు మా వీధిలో ఎవరి నోటా ఆ మాట వినపడదు. పైగా ముం, ముం అని రెండు పాదాలకీ మొదట్లో కుదిరిన అందం కూడా పోయింది. ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. "ఫోన్లో చెబితే అర్థం కాదత్తా, ఒకసారి వచ్చి విను. ఎలాగూ అమ్మాయి గొంతు మళ్ళీ రికార్డు చేయాలి" అన్నాడు. ఆ కోపంలోనే టికెట్టు తీశాను.

తిరుపతి స్టేషన్ బయట ఆటోవాళ్ళ సంగతి మీకు తెలిసిందే. బైరాగిపట్టెడకి రెండు వందలు అడిగారు. తెనాలిలో అంత దూరానికి నలభై ఇస్తే సంతోషంగా తీసుకుంటారు. బేరమాడి నూట ఇరవైకి దిగేసరికి ఒళ్ళంతా చెమట. మే నెల, ఉదయం ఆరు గంటలకే అలా ఉంది.

వీడి స్టూడియో అంటే అద్దెకున్న ఇంటి మేడమీద గది. గోడలకి పాత బొంతలు వేలాడదీశాడు, కిటికీకి అడ్డంగా పరుపు నిలబెట్టాడు. పగలు అక్కడ పని జరగదు. ఆటోల హారన్లు, రైలు కూతలు, పక్కింటి మిక్సీ అన్నీ మైకులో పడతాయి. అర్ధరాత్రి పన్నెండుకి మొదలుపెడితే మూడున్నర దాకానే సమయం. ఆ తర్వాత గుడి మైకులో సుప్రభాతం వస్తుంది, పాల బండ్లు తిరుగుతాయి. ఏసీ ఆపాలి, ఫ్యాన్ ఆపాలి. ఆ ఉక్కలో ఎలారా అంటే వాడు అమెరికా గాయకులు లేడీ గాగా, బ్రూనో మార్స్ కలిసి పాడిన 'డై విత్ ఎ స్మైల్' సంగతి చెప్పాడు. మాలిబులో తన ఆల్బమ్ పని చేసుకుంటున్న ఆవిడ ఒక రాత్రి పన్నెండు గంటలప్పుడు బ్రూనో మార్స్ స్టూడియోకి వెళ్ళిందట. అతను మొదలుపెట్టి ఉంచిన పాట విని, అక్కడే ఉండిపోయి, తెల్లవార్లూ కూర్చుని ఇద్దరూ రాయడం, పాడడం పూర్తి చేశారట. 2024 ఆగస్టు 16న విడుదలైంది, స్పాటిఫై అనే పాటల యాప్‌లో 96 రోజుల్లో వంద కోట్ల సార్లు విన్నారు, మరుసటి ఫిబ్రవరిలో గ్రామీ వచ్చింది. మావాడికి ఇవన్నీ నోటికి వచ్చు. నాకు అందులో నచ్చింది వేరు. ఆ పాట రాసినవాళ్ళుగా ఐదుగురి పేర్లు వేశారు. ఎవరు ఎంత రాశారో మనకు తెలియదు, కానీ ఐదు పేర్లూ ఉన్నాయి. "మరి నా పేరు ఎక్కడ వేస్తున్నావు?" అని అడిగాను. "పైనే వేస్తా అత్తా" అన్నాడు.

మావాడితో కలిసి పాడే అమ్మాయిది చిత్తూరు. ఎస్వీ సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంది. గిటార్ వాయించిన కుర్రాడు మదనపల్లెవాడు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తన ముక్క అక్కడే వాయించి పంపేశాడు. ముగ్గురూ ఒక గదిలో కూర్చున్న రోజే లేదట. అమ్మాయి అన్నని తోడు తెచ్చుకుని పదకొండున్నరకి వచ్చింది. అతను మేడమీదే చాప వేసుకుని పడుకున్నాడు.

ఇద్దరి పాటకి మొదటి చిక్కు శ్రుతి, అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు. అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. మగపిల్లలు ఒకటి, ఒకటిన్నరలో హాయిగా పాడతారు. ఆడపిల్లలకి ఐదు, ఐదున్నర కావాలి. ఒకరికి సుఖమైతే ఇంకొకరికి కష్టం. చివరికి మూడు శ్రుతి పెట్టుకున్నారు. వాడు పైకి ఎక్కడానికి గుంజుకోవాలి, ఆ అమ్మాయి అలవాటు లేని కింది స్థాయికి దిగాలి. విన్నాక అర్థమైంది, ఎదురుచూపు పాటకి అదే కలిసొచ్చింది. ఎవరి గొంతూ స్థిమితంగా లేదు.

నేను మాత్రం నా మాట వదల్లేదు. వాడు వాదించలేదు. హెడ్‌ఫోన్ నా చెవులకి పెట్టి మైకు ముందు నిలబెట్టాడు. మైకుకి జానెడు దూరంలో గుండ్రటి వల ఉంది. ప, బ అన్నప్పుడు నోట్లోంచి కొట్టే గాలి మైకుకి తగలకుండా అది ఆపుతుంది. చెవిలో నిమిషానికి అరవై ఎనిమిది దెబ్బల చొప్పున టిక్, టిక్ మంటోంది. "మొదటి అక్షరం నాలుగు దెబ్బలు పట్టాలి అత్తా. నువ్వు రాసినట్టే పాడు" అన్నాడు.

నాలుగు దెబ్బలంటే మూడున్నర సెకన్లు. కాగితం మీద అదెంత? 'ము' అని ఎత్తుకున్నానో లేదో వెనకే సున్న వచ్చేసింది. గకారం ముందు సున్న పలికితే నాలుక వెనక భాగం పైకి లేచి తలుపు మూసినట్టు మూసేస్తుంది. ధ్వనంతా ముక్కులోకి పోయింది. మళ్ళీ చేశాను. ఈసారి సున్నని ఆపి 'ము'ని సాగదీశాను. అది 'మూ' అయింది, 'మూంగిట్లో' అని లేని మాట పుట్టింది. మూడోసారి 'వా' అన్నాను. నోరు దానంతటదే తెరుచుకుంది, ఎంతసేపైనా పట్టి ఉంచవచ్చు. 'కిట్లో' వచ్చేసరికి స్వరాలు పొట్టివి కాబట్టి అక్కడి ఒత్తు అడ్డం రాలేదు.

ఛందస్సులో 'ముం' గురువే, 'వా' గురువే. సున్న ఉన్నా గురువు, దీర్ఘం ఉన్నా గురువు, రెండింటికీ రెండు మాత్రలే. ఇరవై ఆరేళ్ళు పిల్లల చేత అదే వల్లె వేయించాను. అది తప్పు కాదు. కానీ పాటలో ఒక గురువు సాగుతుంది, ఒక గురువు సాగదు. ఈ మాట నాకు ఏ గురువూ చెప్పలేదు, అర్ధరాత్రి ఒంటిగంటకి ఆ ఉక్క గదిలో నా నోరే చెప్పింది. మా అన్న కొడుకు ఏమీ అనకుండా నీళ్ళ సీసా అందించాడు.

అప్పుడు ఆ అమ్మాయి "అమ్మా, ఆ మాట నాకివ్వండి. రెండో చరణంలో నా ముక్కలో స్వరాలన్నీ పొట్టివే ఉండాయి" అంది. అక్కడికక్కడే నేల మీద కూర్చుని ఆమె వంతు మొదటి పాదం మార్చి రాశాను. 'ముగ్గులు ఆరని ముంగిలిలోన' అని. 'ముం' ఒక్క దెబ్బలో దాటిపోతుంది. ముగ్గు, ముంగిలి కలిశాయి కూడా. ఆమె రెండుసార్లు లోపల అనుకుని మూడోసారి పాడేసింది. ఒక టేకులో వీధి కుక్కలు అరిచాయి, ఇంకోదానిలో రైలు కూసింది. మూడూ ఇరవైకి పని అయింది. ఫ్యాన్ వేశాక వచ్చిన ఆ గాలి ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు కొండ మీద క్యూలో నిలబడి అన్నమయ్య గురించే ఆలోచించాను. ఆయన సంకీర్తనల రాగిరేకులు 1922లో ఆ కొండ మీదే గుడిలోని చిన్న అరలో బయటపడ్డాయి. ఒక్కో పాటకీ రాగం పేరు ఉంది కానీ స్వరం లేదు. సాహిత్యం మిగిలింది, పాడే దారి పోయింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు లాంటివాళ్ళు కూర్చుని ఒక్కొక్కటికీ బాణీ కడితేనే ఈ రోజు మన ఇళ్ళలో అవి వినపడుతున్నాయి. వాటిలో ఎక్కువ భాగం శృంగార సంకీర్తనలే, అమ్మవారి విరహం, చెలికత్తెల మాటలు. ఆయన కాలంలో ఏ అక్షరాన్ని ఎంతసేపు పట్టి పాడేవారో ఆ రేకులు చెప్పవు. ఐదు వందల ఏళ్ళ తర్వాత ఇంకొకరి గొంతు దాన్ని నిర్ణయించింది. ఈ ఆలోచన వచ్చాక 'వాకిట్లో' మీద కోపం పూర్తిగా పోయింది.

మూడో రోజు చిత్తూరు వెళ్ళాం. ఆ అమ్మాయి పిన్ని కూతురి పెళ్ళి, ముందు రోజు సాయంత్రం రిసెప్షన్. పాట మొదటిసారి అక్కడే వేద్దామని వాళ్ళు అనుకున్నారు. బస్సులో సీటు దొరికింది కానీ కిటికీ పక్కన ఎండ. చంద్రగిరి దాటాక ఒకామె ఉప్పూ కారం చల్లిన బెంగళూరా మామిడి ముక్కలు అమ్ముతూ ఎక్కింది. ఆ పులుపుతోనే ప్రయాణం గడిచింది. మావాడు దారంతా చెవిలో పాట పెట్టుకుని 'ఇక్కడ గిటార్ తగ్గించాలి' అని గొణుగుతూనే ఉన్నాడు. వాడి టెన్షన్ చూస్తే పదో తరగతి ఫలితాల రోజు గుర్తొచ్చింది.

కల్యాణ మండపంలో డీజే కుర్రాడు పాట వేశాడు. అప్పుడు స్టేజీ మీద ఫొటోల వరస, కింద భోజనాల వరస. నేను గోడ పక్కన నిలబడ్డాను. 'వా' అని మొదలైంది. ముందు వరసలో ఇద్దరు ఆడపిల్లలు తలెత్తి చూశారు. మొదటి చరణం అయిందో లేదో ఫొటోగ్రాఫర్ చెయ్యి ఊపాడు, డీజే ఆపేసి హుషారు పాట వేశాడు. రెండో చరణం రానేలేదు. నా ముంగిలి ఆ హాల్లో వినపడలేదు.

ఆ తర్వాత నన్ను పలకరించిన వాళ్ళు ఏడెనిమిది మంది ఉంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఆ ఇద్దరూ ప్రేమించుకుంటున్నారా?" అమ్మాయి మేనమామ అయితే మావాణ్ణి పక్కకి పిలిచి ఊరు, ఇంటిపేరు, ఉద్యోగం అన్నీ అడిగాడు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. మూడు రాత్రులు నిద్ర మానుకుని పాడిన పిల్లని గొంతు గురించి ఒక్కరూ అడగలేదు. అలవాటు లేని శ్రుతిలోకి ఎలా దిగావని అడగలేదు. ప్రేమ ఉంటే తప్ప ప్రేమపాట పాడలేరని మనవాళ్ళ నమ్మకం. వెనక మాట రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళు, బెంగళూరులో కూర్చుని గిటార్ వాయించినవాడు ఉన్నారన్న ఊహే రాదు. నాకు నిజంగా బాధ కలిగింది, దాచుకోను.

సంగటి, ఊరుబిండి మాత్రం బాగున్నాయి. తిని చెయ్యి కడుక్కుని వస్తుంటే మెట్ల దగ్గర మేళంవాళ్ళు కూర్చుని ఉన్నారు. తెల్లవారుజామున ముహూర్తానికి వాయించాల్సినవాళ్ళు. అందులో పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి, నాదస్వరం ఒళ్ళో పెట్టుకుని దాని ఊదే పీకని నీళ్ళలో తడుపుతున్నాడు. నన్ను చూసి "ఇందాకటి పాట ఎవురు రాసినారమ్మా?" అన్నాడు.

నేనే అన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు, జరిగి చోటిచ్చాడు.

"అబ్బాయి ఊపిరి ఇడిసేలోపలే పాప అందుకుంటా ఉండాది. మా ఇద్దరి మాదిరే" అన్నాడు. పక్కనున్న అతన్ని చూపించాడు, తమ్ముడి కొడుకట. రెండు నాదస్వరాలు ఎందుకో వివరించాడు. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు ఇంకొకరు పట్టుకుంటారు. వినేవాళ్ళకి పాట తెగకూడదు. వెనకటికి శ్రుతి పట్టడానికి ఒత్తు అనే వాద్యం ఊదే మనిషి వేరే ఉండేవాడు, ఇప్పుడు ఆ పని కరెంటు శ్రుతిపెట్టె చేస్తోంది. తను చిన్నప్పుడు ఆరేళ్ళు ఒత్తే ఊదాడట. ఒక్క స్వరం, పెళ్ళి మొత్తం.

మాట్లాడుతూనే నాదస్వరం ఎత్తి మా పల్లవి వాయించాడు. ఒక్కసారి విన్న పాట! 'వా' దగ్గర మావాడు నాలుగు దెబ్బలు పట్టాడు కదా, ఈయన ఎనిమిది పట్టాడు. బుగ్గలు నిండాయి, మెడ నరాలు తేలాయి, ఆయన ఆపే చోట తమ్ముడి కొడుకు అందుకున్నాడు. ఆ అతుకు ఎక్కడుందో దగ్గర కూర్చున్న నాకే తెలియలేదు. మా అన్న కొడుకు, ఆ అమ్మాయి ఎప్పుడొచ్చారో మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఆ పిల్ల ముఖంలో ఇందాకటి చిన్నబోవడం లేదు.

పెద్దాయన ఆపి అడిగాడు. "రెండో చరణం ఏయనీలేదు గదా. అది కూడా చెప్పమ్మా. మాట తెలిస్తే గదా ఊపిరి యాడ ఇడవాల్నో తెలిసేది."

తిరుపతికి ఎనిమిదింటి బస్సు ఉంది, అప్పటికే ఏడూ నలభై. మావాడు గడియారం చూసుకున్నాడు కానీ ఏమీ అనలేదు. నేను మెట్టు మీద కూర్చున్నాను.

"ముగ్గులు ఆరని ముంగిలిలోన" అన్నాను.

"ముంగిలి" అన్నాడాయన, పీకని పెదవుల దాకా తెచ్చి ఆగుతూ. "మళ్ళీ చెప్పు."