అమ్మ జడ, నాలుగు సాయంత్రాలు

తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగినప్పుడు మా అమ్మ 23 రోజులు ఆసుపత్రి మంచం మీదే ఉండిపోయింది. ఆ రోజుల్లో మందుల వేళలు, రక్తపోటు అంకెలు, వాకర్ పట్టుకుని ఆమె వేసిన అడుగుల లెక్క అన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నాను గాని, ఆమె జుట్టు సంగతి నాకు ఒక్కసారి కూడా తోచలేదు. విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటికి తీసుకువచ్చిన రోజు, దిండు సరిచేయడానికి ఆమె తల కింద చెయ్యి పెట్టినప్పుడు, అరచేయి వెడల్పున కొబ్బరిపీచులా గట్టిపడిపోయిన ఉండ ఒకటి నా వేళ్ళకు తగిలింది. 68 ఏళ్ళ వయసులోనూ నడుము దాటే జడ ఆమెది.

సాయానికి కుదిరిన ఆయా మంచి మనసుతోనే, "కత్తిరించేద్దామమ్మా, పెద్దావిడకు హాయిగా ఉంటుంది, మళ్ళీ పెరుగుతుందిలే" అంది. అమ్మ ఏమీ అనలేదు. జడ కొసను భుజం మీదుగా ముందుకు తీసుకుని గుప్పిట్లో పట్టుకుంది. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది. ఆ లెక్కన నడుము దగ్గర వేలాడే కొస ఆమె మాడులోంచి బయటికి వచ్చి ఆరేళ్ళయినా అయివుంటుంది. మళ్ళీ పెరగడమంటే ఆమెకు 74 ఏళ్ళు రావాలి. నేను కత్తెర తీయలేదు, దువ్వెన కూడా తీయలేదు.

దువ్వెన తీయకపోవడానికి కారణం మా అమ్మమ్మ. ఆమెది మంగళగిరిలో మగ్గం ఉన్న ఇల్లు. చిన్నప్పుడు సెలవులకు వెళితే, అరుగు మీద కూర్చుని చిక్కుపడిన నూలు చిలపను ఆమె విడదీస్తూండగా చూసేవాళ్ళం. మేము చెయ్యి పెడితే కనిపించిన దారాన్నల్లా లాగేవాళ్ళం, అది ఇంకాస్త బిగుసుకునేది. ఆమె మాత్రం ఏ దారాన్నీ లాగేది కాదు. చిలపను రెండు చేతుల మధ్య వదులుగా పట్టుకుని, ముడి అంచులను వేలికొసలతో అటూ ఇటూ విప్పారదీస్తూ, లోపల ఎక్కడ చోటు ఉందో తడిమి చూసేది. "లాగితే ముడి బిగుస్తుందే, దానికి కాస్త చోటియ్యి, అదే వస్తుంది" అనేది. సాయంత్రం మా తలలకు నూనె పెట్టేటప్పుడు కూడా అవే వేళ్ళు, అదే పద్ధతి. ఆమె చేతిలో తల పెట్టి ఏడ్చిన పిల్ల మా ఇంట్లో లేదు.

ఆ పద్ధతి ఎందుకు పని చేస్తుందో నాకు చాలా ఏళ్ళ తరువాత అర్థమైంది. వెంట్రుక పై పొర నున్నటి గొట్టంలా ఉండదు. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి వాలు వైపుకు దిగినట్టు, సన్నని పొలుసులు కుదురు నుంచి కొస వైపుకు పరుచుకుని ఉంటాయి. దిండుకు రాసుకున్నా, చెమటలో నానినా, గాలికి ఒకదానితో ఒకటి రాపాడినా ఆ పొలుసుల అంచులు లేస్తాయి. లేచిన అంచులు పక్క వెంట్రుకలను పట్టుకుంటాయి. అప్పుడు దువ్వెనను మాడు దగ్గర దించి కిందికి లాగితే, దారిలోని చిన్న చిన్న చిక్కులన్నీ దాని పళ్ళ ముందు పోగుపడి ఒకే ముడిగా బిగుసుకుంటాయి, ఇంకా లాగితే ఆ ముడిని దాటలేని వెంట్రుకలు మధ్యలో తెగుతాయి. దువ్వెన పంటికి స్పర్శ లేదు, అది ఎక్కడ ఆగాలో మన మణికట్టుకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. వేలికొసకు మాత్రం ఒక్క వెంట్రుక బిగుసుకోవడం కూడా తెలుస్తుంది, తెలిసిన క్షణంలోనే అది ఆగుతుంది.

మొదటి సాయంత్రం అమ్మను చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, ఉండ మీద గోరువెచ్చని కొబ్బరినూనె చుక్కలుగా వేస్తూ లోపలికి ఇంకేదాకా అద్దాను. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి కూడా చొచ్చుకుపోగలదు, తలంటుకున్నప్పుడు ప్రొటీన్ నష్టపోవడాన్ని అది తగ్గిస్తుంది. ఆ వేళ నాకు కావలసింది మాత్రం ఒక వెంట్రుక మరొక వెంట్రుక మీదుగా జారేంత నునుపే. రాత్రంతా పాత నూలు గుడ్డ వదులుగా చుట్టి ఉంచాను. చిక్కు లేని జుట్టునంతా వేరుచేసి, పాయలుగా తిప్పి, క్లిప్పులతో పక్కకు పెట్టాను. అలా చేయకపోతే ఒక ముడి విప్పుతూండగానే మంచి జుట్టు వచ్చి అందులో పడుతుంది.

రెండో సాయంత్రం అసలు పని మొదలైంది. ఉండను నడిమధ్యలో పట్టుకోకుండా, దాని కింది అంచు నుంచి, కొసల వైపు నుంచి మొదలుపెట్టాను. పది పదిహేను వెంట్రుకలకు మించని పాయను ఎంచుకుని, చిక్కుకు పైన, అంటే మాడు వైపున, ఎడమచేతి బొటనవేలు చూపుడువేళ్ళతో గట్టిగా పట్టుకుంటే, కింద ఎంత కదిలించినా ఆ లాగుడు కుదుళ్ళకు చేరదు. అమ్మ కళ్ళు మూసుకుని కూర్చోగలిగింది ఆ పట్టు వల్లనే. కుడిచేతి వేళ్ళతో ముడిని కిందికి కాకుండా అడ్డంగా, రెండు పక్కలకూ విప్పారదీయాలి. లోపల ఒక చిన్న కన్నం కనిపిస్తుంది. అందులోంచి వదులుగా ఉన్న వెంట్రుకను ఒక్కొక్కటిగా బయటికి జార్చాలి. అది రాకపోతే దాన్ని వదిలి దాని పక్కదాన్ని చూడాలి, పక్కది వచ్చాక మొదటిదానికి చోటు దొరుకుతుంది. అమ్మ కుర్చీలో గంటకు మించి కూర్చోలేదు గనుక ఆ రోజు ఉండలో నాలుగోవంతు కూడా తరగలేదు. నాకు నిరాశ కలగలేదు. తొందర పుట్టిందని తోస్తే చేతులు తీసేసి, కాఫీ తాగి, మళ్ళీ కూర్చునేదాన్ని. తొందరపడిన వేళ్ళు దువ్వెన కంటే మొరటువి.

మూడో సాయంత్రం అమ్మ భయపడింది. విడివడుతున్న ఉండలోంచి ఊడి వచ్చిన వెంట్రుకలను నేను ఒక పళ్ళెంలో పెడుతున్నాను. అవి గుప్పెడు దాటేసరికి, "ఇంత తెగిపోతోందా తల్లీ? పోనీ కత్తిరించెయ్యి" అంది. అప్పుడు ఒక వెంట్రుకను కిటికీ వెలుగులో పట్టుకుని చూపించాను. దాని ఒక చివర ఆవగింజలో పదోవంతు కూడా లేని తెల్లని బొడిపె ఉంది. కుదురు నుంచి సహజంగా రాలిన వెంట్రుకకే ఆ బొడిపె ఉంటుంది, మధ్యలో తెగినదానికి ఉండదు. ఆరోగ్యంగా ఉన్న తల నుంచి కూడా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతూనే ఉంటాయి. మామూలు రోజుల్లో అవి దువ్వెనకూ స్నానాల గదికీ పోతాయి. ఆసుపత్రిలో జడ విప్పలేదు గనుక, 23 రోజులకు కనీసం వెయ్యికి పైగా వెంట్రుకలు పోయే దారి లేక ఆ ఉండలోనే నిలిచిపోయాయి. పళ్ళెంలో ఉన్నవి ఇప్పుడు తెగినవి కావు, ఎప్పుడో రాలినవి. అమ్మ కళ్ళజోడు తెప్పించుకుని, పది వెంట్రుకలు తీసి చూసింది. తొమ్మిదింటికి బొడిపె ఉంది. ఆ తరువాత కత్తెర మాట ఎత్తలేదు.

నాలుగో సాయంత్రానికి చింతగింజంత ముడి ఒక్కటి మిగిలింది. దాన్ని అరగంట చూసి, చివరికి చిన్న కత్తెరతో నిలువుగా రెండు చోట్ల చీల్చి విప్పాను. ఆ కాస్త నష్టానికి ఇప్పటికీ బాధే. ఆ తరువాతనే వెడల్పాటి పళ్ళ దువ్వెన తీసి, కొసల దగ్గర జానెడు, ఆపైన ఇంకో జానెడు, అలా పైకి వెళుతూ దువ్వాను.

తలంటు ఆ మర్నాడు. చిక్కు తీయకుండా తల తడపకూడదని నేను గట్టిగా నమ్ముతాను. తడిసినప్పుడు వెంట్రుక లోపలి ప్రొటీన్ పోగులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు వదులవుతాయి. అప్పుడు అది రబ్బరులా సాగుతుంది, సాగి సాగి తెగుతుంది. అయితే ఈ మాట అందరి జుట్టుకూ వర్తించదు. బాగా రింగులు తిరిగిన జుట్టుకు ఇది తిరగబడుతుంది, దానికి తడి ఉండగానే కండీషనర్ పట్టించి వేళ్ళతో విప్పడం మంచిది. మా అమ్మది సాఫీ జుట్టు.

మా బోరు నీళ్ళు బాగా ఉప్పన, వాటిలోని కాల్షియం మెగ్నీషియం లవణాలు జుట్టు మీద పేరుకుని గరుకు చేస్తాయి. అందుకే మున్సిపల్ కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్ళు రెండు బిందెలు పట్టి ఉంచాను. కుంకుడు రసంలో మందారాకు నూరి కలిపాను. కుంకుడు ఒక్కటే అయితే జుట్టు బిరుసెక్కుతుంది, మందారాకు జిగురు దాన్ని జారేలా చేస్తుంది. పడుగు పోగులు మగ్గం మీద రాపిడికి పీచులు లేవకుండా గంజి పట్టించే ఇంట్లో పుట్టిన అమ్మమ్మకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. తువ్వాలుతో రుద్దలేదు, పాత నూలు పంచెలో జుట్టును పెట్టి ఒత్తి తడి తీశాను.

ఇప్పుడు రాత్రిళ్ళు వదులైన జడ వేసి పడుకోబెడుతున్నాను. శస్త్రచికిత్స తరువాత రెండు మూడు నెలలకు జుట్టు ఎక్కువగా రాలడం మామూలేనని, కొన్నాళ్ళకు అదే తగ్గుతుందని ముందే చెప్పి ఉంచాను. చెప్పినట్టే గత నెలలో మొదలైంది. అమ్మ బాల్కనీలో ఎండ పొడకు కూర్చుని, జడ ముందుకు వేసుకుని, తన చిక్కు తానే తీసుకుంటోంది. వేళ్ళకు వచ్చిన ప్రతి వెంట్రుకనూ కళ్ళజోడు సవరించుకుని చివర చూస్తుంది, బొడిపె కనిపించాక చుట్టి, వెంట్రుకలకు స్టీలు సామాన్లిచ్చే అతను వచ్చే రోజు కోసం పాత బిస్కెట్ల డబ్బాలో వేస్తుంది.