మగణం, మగణం, రగణం

పదో తరగతి, తెలుగు క్లాసు, ఛందస్సు నడుస్తోంది. మా బెంచీవాడు చెవిలో చీము పట్టి వారం రోజులు బడి మానేసి ఆ రోజే వచ్చాడు. సెలవు చీటీకి పెదవాల్తేరు చెవి ఆసుపత్రి కాగితం జత చేశాడు. మాస్టారు దాని మీదున్న పొడుగు మాట చూసి, “ఏట్రా ఇది, గూడ్సు బండిలాగుంది? సదువు” అన్నారు. వాడు ‘ఓటో’ దగ్గరే ఆగిపోయాడు.

పక్క క్లాసులోంచి సైన్సు మాస్టారు వచ్చి పలికారు. మా మాస్టారు బోర్డు మీద రాశారు: ఓటోరైనోలారింగాలజీ. తొమ్మిది అక్షరాలు. “ఇంగ్లీషువాడి లెక్కలోనూ తొమ్మిదేనర్రా. వాడు సిలబుల్ అన్నదే మన అక్షరం. గురులఘువులు పెట్టండి.”

వరసగా ఏడు గురువులు! ‘ల’ ఒక్కటే లఘువు, ఆఖరి ‘జీ’ మళ్లీ గురువు. మూడేసి అక్షరాలకో గణం: మ, మ, ర. “శార్దూలమాండీ?” అన్నాను (నాకొచ్చిన వృత్తం అదొక్కటే). “మగణంతో ఎత్తుకుందిగానీ, రెండోది సగణం ఉండాలి కదరా. పులి రెండో అడుగుకే జారింది.”

సైన్సు మాస్టారు గ్రీకు విప్పారు. ఓటో చెవి, రైనో ముక్కు, లారింగ్ స్వరపేటిక, లజీ శాస్త్రం. లారింగ్‌కీ లజీకీ నడుమ అతుకు కోసం ఓ అచ్చు, అది ముందున్న ‘గ్’తో కలిసి మన నోట్లో ‘గా’ అయింది. మా మాస్టారు ఆ ‘గా’ చుట్టూ సున్నా చుట్టి, “సంధి ఇక్కడుంది. గణం తెగినచోట పదం తెగదు. పాడ్డానికి గణం, అర్థానికి పదచ్ఛేదం” అన్నారు.

నేను డాక్టర్ని కాలేదు, బోర్డులు రాసుకున్నాను. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఓ చెవి డాక్టరుగారి రేకు బోర్డు వచ్చింది. వెడల్పు చాలదు. పట్టినంత పైన రాశాను: ఓటోరైనోలా. మిగిలింది కింద: రింగాలజీ. పెయింటు ఆరకముందే సైకిల్ షాపు కుర్రాడు, “ఉంగరాలు సూసి జాతకం సెప్తారేటి బావూ?” అన్నాడు.

బోర్డు మీద చుట్టిన ఆ సున్నా అప్పుడు గుర్తొచ్చింది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి మళ్లీ రాశాను. పైన ఓటోరైనో, కింద లారింగాలజీ. చెవీ ముక్కూ ఒక వరస, గొంతుకు ఒక వరస. డాక్టరుగారొచ్చి చూసి, అడుగున ఎర్రరంగుతో ‘చెవి, ముక్కు, గొంతు’ అని కూడా రాయమన్నారు. జనం లోపలికెళ్లింది ఆ మూడో వరస చదివే.