ఎర్రకోట్లు, జొన్నచేను: నా చందుర్తి గేమ్ ఎలా బయటికొచ్చిందంటే

బొబ్బిలి యుద్ధం మనలో అందరికీ తెలుసు. మరుసటి ఏడాది, 1758 డిసెంబరులో, పిఠాపురం దగ్గర చందుర్తిలో జరిగిన పోరు ఎవరికీ పట్టదు. ఫ్రెంచివాళ్ల చేతిలోంచి ఉత్తర సర్కారులు జారిపోవడం మొదలైంది అక్కడే. దాని మీద కంప్యూటర్ వార్‌గేమ్ చేద్దామని కూర్చున్నాను.

నన్ను పట్టేసింది ఒక్క సంగతి. ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ వెంట 500 మంది దాకా తెల్ల సైనికులు, 2,000 మంది బెంగాల్ సిపాయిలు ఉన్నారు. తోడుగా విజయనగరం రాజు ఆనందరాజు సైన్యం కూడా ఉంది. సిపాయిలు కూడా ఎర్రకోట్లే తొడుక్కున్నారు. తెల్ల పటాలమేమో ఏపుగా పెరిగిన చేను వెనక ఉంది. ఫ్రెంచివాళ్లు సిపాయిలనే ఇంగ్లీషువాళ్లనుకుని మీదపడ్డారు. అసలు పటాలం పక్కనుంచి కాల్చింది.

మ్యాప్ మీద జొన్నచేను పరిచి, దళాలకు గుర్తుగా కౌంటర్లు (బిళ్లలు) పెట్టి, మా బావకి ఫ్రెంచి పక్షం ఇచ్చాను. మూడో టర్నులోనే చేను చుట్టూ తిరిగి వచ్చేశాడు.

"ఎలా కనిపెట్టావు బావా?"

"కౌంటర్ మీద బలం 3 అని నువ్వే రాశావుగా! తెల్లోళ్లకి 7 ఉంటుందని తెలీదా నాకు?"

అంకెలు దాచేశాను. తుపాకీ పేలేదాకా అన్నీ ఒకే ఎర్ర కౌంటర్లు. ఇక కంప్యూటర్ ఫ్రెంచి పక్షం ఆడితే మరీ అన్యాయం, ప్రతిసారీ తిన్నగా చేనుకే వెళ్లేది. నేనే దానికి మొత్తం డేటా చూపిస్తున్నాను మరి! తన కౌంటర్లకు కనిపించినదే తెలిసేలా మార్చడానికి రెండు నెలలు పట్టింది.

తెలుగు అక్షరాల గోల వేరే. గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ (ఇంజిన్) పాత వెర్షన్‌లో వత్తులు విడిపోయి 'యుద్ధం' కాస్తా 'యుద్‌ధం' అయ్యేది. కొత్త వెర్షన్‌కి మారాక గానీ కుదురుకోలేదు.

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పెట్టడం తేలికే. 100 డాలర్లు కట్టి, పన్ను ఫారం నింపి, 30 రోజులు ఆగాలి. అందులో కనీసం రెండు వారాలు 'త్వరలో వస్తోంది' పేజీ కనబడాలి. రివ్యూకి పంపిన గేమ్ ఒకసారి తిరిగొచ్చింది, తప్పు నాదే. కంట్రోలర్‌తో ఆడొచ్చని టిక్కు పెట్టేశాను, నా గేమ్‌కి మౌస్ తప్ప దిక్కులేదు.

విడుదలైన రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టలేదు. పొద్దున్నే విజయనగరం నుంచి మెసేజ్: "మా ఆనందరాజు గారి సైన్యం అడుగు ముందుకేయదేంటండీ? బగ్గా?"

బగ్ కాదండీ, ఆ రోజు వాళ్లు అసలు పోరులోకి పెద్దగా దిగలేదు, అని రాశాను. ఆయన ఇంకా జవాబివ్వలేదు.