వెన్నబొట్టు చుట్టూ ఉండే పొర

మా ఇంట్లో ఇప్పటికీ మీగడ పెరుగును కవ్వంతోనే చిలుకుతాము. మొదట నురగ లేస్తుంది. చాలాసేపు ఏ మార్పూ కనిపించదు. ఆ తరువాత ఆవగింజలంత తెల్లని రవ్వలు కవ్వానికి అంటుకోవడం మొదలై, చన్నీళ్ళు పోయగానే ముద్దకడతాయి. పాలలో అంత కొవ్వు ఉండి కూడా చిలికేదాకా ఎందుకు ముద్దకట్టలేదన్న ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. ఆవు పాలలో సగటున 4 మైక్రాన్ల వ్యాసం ఉండే ప్రతి కొవ్వు బిందువు చుట్టూ 10 నుంచి 20 నానోమీటర్ల మందం గల పొర ఉంటుంది, కవ్వం దెబ్బకు అది చినిగితేనే లోపలి కొవ్వు ఒకదానితో ఒకటి కలుస్తుంది. చినిగిన ఆ పొర ముక్కలలో చాలా భాగం మజ్జిగలో మిగిలిపోతుంది.

ఆ పొర ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ రోజు నేను రాయాలనుకున్న విషయం. పొదుగులోని పాలకణం పాల ప్రొటీన్ అయిన కేసీన్‌ను, పాల చక్కెర అయిన లాక్టోజ్‌ను చిన్న తిత్తులలో అంచుకు చేరుస్తుంది. అక్కడ తిత్తి పొర కణం చుట్టూ ఉండే కణత్వచంలో కలిసిపోయి, లోపలి సరుకు మాత్రమే బయటికి వెళ్తుంది. కొవ్వు విషయంలో జరిగేది దీనికి పూర్తిగా భిన్నమైనది. కణం లోపలి పొరల వల అయిన అంతర్జీవద్రవ్యజాలం వద్ద తయారైన కొవ్వు బిందువు పాలు చేరే గది వైపు ఉన్న అంచుకు చేరి, కణత్వచాన్ని తన మీద కప్పుకుంటూ బయటికి ఉబ్బి, చివరికి ఆ త్వచంతో సహా తెగిపోతుంది. 1959లో బార్గ్‌మన్, క్నూప్ అనే శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి వివరించిన దృశ్యమిదే. ఒక్కొక్క బిందువుకూ తన ఒంటి మీది గుడ్డను చింపి కప్పి పంపే కణం శరీరంలో ఇంకొకటి నాకు తెలియదు.

ఇలా కప్పే పనిలో ముఖ్యమైనవి మూడు ప్రొటీన్లు. కణం లోపల ఉన్నప్పుడే కొవ్వు బిందువును అంటిపెట్టుకుని ఉండేది పెరిలిపిన్-2. కణత్వచంలో నాటుకుని ఉండేది బ్యూటిరోఫిలిన్. ఆ గ్రీకు పేరుకు వెన్నను ప్రేమించేది అని అర్థం. మూడవది జాంథీన్ ఆక్సిడోరిడక్టేజ్ అనే ఎంజైమ్. కణంలోపలి వైపుకు చాచుకుని ఉన్న బ్యూటిరోఫిలిన్ తోకను ఇది గట్టిగా పట్టుకుంటుంది. ఈ మూడూ కలిసి బిందువును త్వచానికి బిగిస్తాయని కొందరు, బ్యూటిరోఫిలిన్ అణువులు తమలో తాము ముడిపడటమే చాలునని మరికొందరు వాదించారు. ఎలుకల ప్రయోగాలను చూస్తే బ్యూటిరోఫిలిన్‌తో పాటు ఎంజైమ్‌ను కూడా లెక్కలోకి తీసుకోక తప్పదని నా అభిప్రాయం.

యూరిక్ ఆమ్లాన్ని తయారుచేసే ఎంజైమ్‌గానే మనం పాఠాలలో చదువుకున్న ఈ జాంథీన్ ఆక్సిడోరిడక్టేజ్‌ను పాలలో మొదట గుర్తించిన ఘనత షార్డింగర్ అనే శాస్త్రవేత్తది. అది 1902 నాటి మాట. పచ్చిపాలలో కొద్దిగా ఫార్మాల్డిహైడ్, మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు వేసి గోరువెచ్చగా ఉంచితే ఈ ఎంజైమ్ వల్ల ఆ నీలం కొద్ది నిమిషాలలో కరిగిపోయి పాలు మళ్ళీ తెల్లబడతాయి. కాచిన పాలలో మాత్రం వేడికి ఎంజైమ్ చెడిపోయి నీలం అలాగే నిలిచిపోతుంది. అయితే కొవ్వు విడుదలలో దాని పాత్ర ఎంజైమ్‌గా కన్నా కట్టడంలో ఒక భాగంగానే ఎక్కువని 2002లో వెలువడిన ఒక అధ్యయనం సూచించింది. ఆ ఎంజైమ్ జన్యువు రెండు ప్రతులలో ఒకటి మాత్రమే ఉన్న తల్లి చుంచెలుకలు మామూలుగా ఈని, పాలివ్వడం మొదలుపెట్టి కూడా, దానిని కొనసాగించలేకపోయాయి. వాటి పిల్లలు ఆకలితో చనిపోయాయి. 2004లో బ్యూటిరోఫిలిన్ జన్యువును తొలగించిన ఎలుకలలో కొవ్వు బిందువులు కణాల లోపలే పెద్దవై పేరుకుపోగా, బయటికి వచ్చిన కొవ్వు పొర సరిగా లేక చెదిరిపోయింది. పిల్లలలో దాదాపు సగం మొదటి ఇరవై రోజులలోనే చనిపోయాయి. కొవ్వును తయారుచేయడం ఒక ఎత్తయితే, దానిని పొరకప్పి పంపడం మరొక ఎత్తు అని ఈ ఫలితాలు చూశాకే నాకు బోధపడింది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరిశోధన 2017లో వచ్చింది. పాలిస్తున్న బతికున్న చుంచెలుక గ్రంథిలో, వెలుగుతున్న కొవ్వు బిందువులు కదులుతుండగానే చిత్రీకరించారు. అవి చాలా నెమ్మదిగా అంచుకు సాగుతూ, దారిలో ఒకదానితో ఒకటి కలిసి పెరుగుతూ, అంచును చేరాక దాదాపు పూర్తిగా పొర కప్పుకున్నా వెంటనే తెగకుండా అక్కడే వేచి ఉంటాయి. పాలు చేపించే హార్మోన్ అయిన ఆక్సిటోసిన్ విడుదలై చుట్టూ ఉన్న కండర స్వభావం గల కణాలు ముడుచుకున్నప్పుడే అవి ఊడి పాలలోకి జారుతాయి. గేదె దగ్గర దూడను వదిలితే అది రెండు మూడుసార్లు పొదుగును కుమ్ముతుంది, చన్నులు బిగుసుకుంటాయి, గేదె చేపిందని మనం అంటాము. అప్పటిదాకా కణాల అంచున వేలాడుతున్న బిందువులు ఒక్కొక్కటిగా తమ పొరతో సహా విడివడే ఘడియ కూడా అదే.