కొట్టిన దెబ్బ, తగిలిన దెబ్బ

మా వరండాలో కిటికీ కింద మూడేళ్ళపాటు ఒక గోనెసంచి ఉండేది. అందులో 43 రాళ్ళు. కంభం చుట్టుపక్కల వంకల్లో, గుండ్లకమ్మ ఒడ్డున, చేల గట్ల మీద ఆదివారాలు తిరిగి ఏరుకొచ్చినవి. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. రాతియుగం పాఠం వచ్చిన ప్రతిసారీ ఆ సంచి క్లాసుకు మోసుకెళ్ళి, "ఇవన్నీ మన ఏటి ఒడ్డున బతికిన ఆదిమానవులు చేసినవి" అని చూపించేదాన్ని. పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూసేవాళ్ళు.

కిందటేడు వేసవిలో ఆర్కియాలజీలో పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి మా వైపు వచ్చింది. ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, సంచి ముందు పెట్టాను. ఆ అమ్మాయి బకెట్లో నీళ్ళు అడిగింది. ఒక్కో రాయినీ పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ఎండకు ఏటవాలుగా పట్టుకుని, తిప్పి తిప్పి చూసింది. రెండు గంటలు పట్టింది. చివరికి నాలుగు పక్కన పెట్టి, "మేడమ్, ఈ నాలుగూ పనిముట్లు. మిగతావి ఏరు చేసినవి" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రాళ్ళు పోతే పోయాయి. మూడు బ్యాచ్‌ల పిల్లలకు వాటిని చూపించి నేను చెప్పిన మాటలే గుర్తొచ్చాయి. తేడా ఎక్కడుందో నేర్చుకుని తీరాలనుకున్నాను.

మా వీధి చివర ఒక తాత ఉన్నాడు. చిన్నప్పట్నుంచీ రోళ్ళు, విసుర్రాళ్ళు చేస్తాడు, అరిగినవాటికి కక్కు కొడతాడు. మిక్సీలు వచ్చాక పని తగ్గింది గానీ ఆయన చెయ్యి తగ్గలేదు. ఒకరోజు రెండు రాళ్ళు పట్టుకెళ్ళి, ఏమీ చెప్పకుండా ఆయన చేతిలో పెట్టాను. ఒకటి ఆ నాలుగింటిలోది, ఇంకోటి మిగిలిన 39లోది. ఆయన కళ్ళతో చూసింది తక్కువ, బొటనవేలితో తడిమింది ఎక్కువ.

"ఇది కొట్టిన దెబ్బ టీచరమ్మా. ఇదేమో తగిలిన దెబ్బ."

"ఎట్లా తెలిసింది తాతా?"

"కొట్టేవాడు అంచు చూసుకుని కొడతాడమ్మా. ఏట్లో దొర్లే రాయికి ఏడ పొడుచుకొస్తే ఆడ తగుల్తది."

చదివిన పుస్తకాల్లో నాకు దొరకని మాట ఇది. ఆ మర్నాడే ఏటి నుంచి క్వార్ట్‌జైట్ గుండ్లు నాలుగైదు తెచ్చాను. నల్లమల కొండల నుంచి కొట్టుకొచ్చే గట్టి రాయి అది. ఆయనకు రాయితో రాయిని కొట్టే అలవాటు లేదు, ఉలీ సుత్తీ ఆయనవి. అయినా ఒక గుండును తొడ మీద గోనెపట్ట వేసి ఆనించుకుని, ఇంకో గుండ్రాయితో అంచున కొట్టాడు. మూడో దెబ్బకు టక్‌మని పెచ్చు లేచింది.

ఆ పెచ్చు ఇప్పుడు నా టేబుల్ మీదుంది. పైఅంచున వేలిగోరంత సాపు జాగా ఉంది, దెబ్బ దిగింది అక్కడే. దాని కిందే చిన్న ఉబ్బు. గుడ్డ కింద కందిగింజ పెట్టి తడిమితే ఎట్లా తగుల్తుందో అట్లా తగుల్తుంది. ఆ ఉబ్బు దగ్గర మొదలై, చెరువులో రాయి వేస్తే లేచే అలల్లాంటి గీతలు కిందికి పాకాయి. మా క్వార్ట్‌జైట్‌లో ఈ అలలు మసకగా కనిపిస్తాయి, ఏటవాలు ఎండ కావాలి. చెకుముకి రాయిలో అయితే స్పష్టంగా కనిపిస్తాయి. పెచ్చు లేచిన గుండును చూస్తే, ఉబ్బుకు సరిగ్గా ఎదురుగా గుంట. పెచ్చు అంచుతో పురికొస తెంపి చూశాను, ఒక్క లాగుడుకు తెగింది.

ఇక్కడితో పాఠం అయిపోయిందనుకుంటే పొరపాటే. ఏరు కూడా పెచ్చులు లేపుతుంది. వరదలో బండ మీద బండ పడితే ఉబ్బు వస్తుంది, గుంటా వస్తుంది. ట్రాక్టర్ నాగలి తగిలినా, క్రషర్‌లో నలిగినా వస్తుంది. కాబట్టి ఒక్క గంటును, అంటే పెచ్చు లేచిన గుర్తును, చూసి ఏమీ చెప్పలేం. గంట్ల వరస చూడాలి.

ఆ నాలుగింటిలో పెద్దది చేతిగొడ్డలి, పిడి లేకుండా నేరుగా చేత్తో పట్టుకునేది. అరచేతి కంటే కాస్త పొడవు, కాకరాకు రంగు తిరిగిన గోధుమ రాయి. పట్టుకునే వైపు ఏటిగుండు పాత తోలు అలాగే ఉంది. కొస వైపు రెండు ముఖాలా కలిపి 19 గంట్లు లెక్కపెట్టాను. ఒక ముఖం మీద కొట్టాడు, రాయి తిప్పాడు, ఇందాక పడిన గుంట అంచునే ఆధారం చేసుకుని రెండో ముఖం మీద కొట్టాడు, మళ్ళీ తిప్పాడు. అందుకే అంచును పక్కనుంచి చూస్తే పాము పాకినట్టు అటూ ఇటూ ఒంపులు తిరుగుతుంది. పైగా 19 గంట్లదీ ఒకటే రంగు, ఒకటే అరుగుదల. అన్నీ ఒక్క పూటలో పడినవి.

39లో నాకు అన్నిటికంటే ఇష్టమైన రాయి దీని పక్కన పెట్టాను. అదీ కొస తేలినదే, చేతిలో ఇమిడేదే. మూడు గంట్లున్నాయి. మొదటిది అరిగి నున్నబడింది. రెండోదాని అంచులు కొంచెం మొద్దుబారాయి. మూడోది లోపలి లేత గులాబీ రంగు బయటపడి నిన్న మొన్న పడినట్టుంది, నాగలి దెబ్బే అయ్యుంటుంది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎంత కాలం గడిచిందో! ఇంత కాలం విడిచి విడిచి ఎవరూ ఒక పనిముట్టు చెయ్యరు.

"చేతిలో చక్కగా ఇమిడింది" అనేదే నన్ను ముంచింది. ఏటిరాయి ఏదైనా చేతిలో ఇమడక ఏమవుతుంది? అరగదీసి అరగదీసి ఏరు చేసే పనే అది.

ఈ పొరపాటు చాలా పెద్దవాళ్ళకూ జరిగింది. ఫ్రాన్స్‌లోని అబ్‌విల్ దగ్గర దొరికిన చేతిగొడ్డళ్ళు నిజంగా మనిషి చేసినవేనని 1859లో లోకాన్ని ఒప్పించినవాళ్ళలో జోసెఫ్ ప్రెస్ట్‌విచ్ ఒకడు. గొప్ప జియాలజిస్టు. అదే మనిషి ముప్పై ఏళ్ళ తర్వాత, ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతంలో బెంజమిన్ హారిసన్ అనే కిరాణా వర్తకుడు ఏరిన ముతక రాళ్ళను చూసి, ఇవి ఇంకా పాత పనిముట్లని నమ్మాడు. వాటికి ఇయోలిత్‌లని పేరు. వాటి మీద వాదన ఏళ్ళ తరబడి నడిచింది. 1905లో ఫ్రాన్స్‌లో మార్సెలిన్ బూల్ అనే శిలాజ శాస్త్రవేత్త ఒక సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళి, సుద్దతో పాటు తొట్లలో తిరిగి బయటపడ్డ చెకుముకి రాళ్ళను పరిశీలిస్తే, అచ్చం ఇయోలిత్‌లే! తర్వాత 1939లో ఆల్ఫ్రెడ్ బార్న్స్ అనే పరిశోధకుడు కోణాలు కొలిచి తేడా చూపించాడు. దెబ్బ పడిన సాపుకూ, పెచ్చు లేచిన గుంటకూ మధ్య కోణం మనిషి పనిలో ఎక్కువగా 90 డిగ్రీల లోపే ఉంటుంది. దొర్లి తగిలిన రాళ్ళలో అంతకు మించినవి బోలెడు. ఒక్క రాయికి కాదు, రాళ్ళ రాశి మొత్తానికి చూడాల్సిన లెక్క ఇది. నా 39లో గంట్లున్న వాటిని పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినితో కొలిచాను. సగానికి పైగా 90 దాటాయి.

బ్రెజిల్‌లోని సెర్రా ద కాపివారాలో కపూచిన్ కోతులు రాయితో రాయిని కొట్టి, పెచ్చులు లేపి వదిలేస్తాయని 2016లో బయటపెట్టారు. పెచ్చులు కావాలని కొట్టవు, వాటిని వాడుకోవు కూడా. అది చదివాక ఒంటరి పెచ్చు మీద నాకున్న కాస్త నమ్మకమూ పోయింది.

నున్నటి గొడ్డళ్ళ కథ వేరు. మా అమ్మమ్మ దేవుడి గూట్లో ఒక నల్లరాయి ఉండేది. పిడుగురాయి అనేది, పిడుగు పడినచోట దొరికిందని చెప్పేది. ఇప్పుడు చూస్తే అది కొత్తరాతియుగపు గొడ్డలి. బళ్ళారి దగ్గర సంగనకల్లులో ఇలాంటి నల్లరాతి గొడ్డళ్ళు గుట్టలు గుట్టలుగా తయారుచేశారు. ఏటి నునుపుకూ దీనికీ తేడా వేలికి తెలుస్తుంది. ఏరు రాయిని అన్ని వైపులా గుండ్రంగా అరగదీస్తుంది. ఈ గొడ్డలి నోటి దగ్గర రెండు వైపులా సమంగా వాలుగా సానపట్టి ఉంది, మడమ దగ్గర మాత్రం పొడిచి పొడిచి రూపం తెచ్చిన చిన్న చిన్న గుంటలు అట్లాగే మిగిలాయి. మా వీధి తాత కక్కు కొట్టినట్టే.

అయితే ఆ పరిశోధకురాలు వెళ్తూ వెళ్తూ అన్న మాటే నన్ను ఇప్పటికీ పొడుస్తోంది. "ఇవి ఎక్కడెక్కడ దొరికాయో రాసుకున్నారా మేడమ్?" రాసుకోలేదు. అన్నీ ఒకే సంచిలో వేశాను. రాయికి సగం సాక్ష్యం అది పడున్న చోటే. పక్కన పెచ్చులు ఉన్నాయా, కొట్టిన గుండ్రాయి ఉందా, ఏ పొర మట్టిలోంచి వచ్చింది, ఆ జాతి రాయి అక్కడికి నీళ్ళతో వచ్చేదేనా, ఎవరో మోసుకొస్తే తప్ప రాదా? 1952లో ఆర్కియాలజిస్టు సౌందరరాజన్ గిద్దలూరు దగ్గరి రాతియుగపు పనిముట్ల గురించి రాసినప్పుడు ఆయన చూసింది విడి రాళ్ళను కాదు, ఏటి గట్టు పొరల్లో వాటి చోటును. నా నాలుగు పనిముట్లూ చోటు పోగొట్టుకున్నాయి, అదీ నా చేతులతోనే. ఇప్పుడు రాయి ఎత్తను. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, ఫోన్లో లొకేషన్ గుర్తుపెట్టి, ఉన్నచోటే వదిలేస్తున్నాను.

మొన్న సంక్రాంతి ముందు మా వీధికి గరుసు తోలారు. పొద్దున్నే ముగ్గు వేద్దామని ఊడుస్తుంటే చీపురుకు ఒకటి తగిలింది. గోధుమ రంగు క్వార్ట్‌జైట్ పెచ్చు. పైన సాపు జాగా, కింద ఉబ్బు, వెనక ముఖం మీద ఒకే వైపు నుంచి కొట్టిన మూడు పాత గంట్లు, అన్నిటికీ ఒకే రంగు. 1863 మే నెలలో మద్రాసు పక్కన పల్లవరంలో జియాలజిస్టు రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు మన దేశంలో మొదటి పాతరాతియుగపు పనిముట్టు కనిపించిందీ గరుసు గుంట తవ్విపోసిన రాళ్ళలోనే. ఆయనకు గుంట పక్కనే ఉంది.

నేను చీపురు పడేసి ట్రాక్టర్ డ్రైవర్ ఇంటికి వెళ్ళాను. ఈ లోడు ఎక్కడిది బాబూ అని అడిగాను. "రెండు చోట్లవి కలిసినయ్ మేడం. వంక కాడవి కొన్ని, కొండ కింద గుంటలోవి కొన్ని" అన్నాడు. ఆదివారం రెండు చోట్లకీ తీసుకెళ్తానన్నాడు. వంక దగ్గర గుంట అప్పటికే పూడ్చేశారు. కొండ కింద గుంట ఇంకా తెరిచే ఉంది. మనిషెత్తు గోడలో, మోకాలి ఎత్తున, గులకరాళ్ళ పొర ఒకటి అడ్డంగా కనిపిస్తోంది. స్కేలు పెట్టి ఫోటోలు తీసి ఆ అమ్మాయికి పంపాను.